జానెడుకో ముడి

"ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అనే పెద్దమనుషుల మీద నాకు పాత కక్ష ఉంది. ఉద్యోగంలో ఉండగా మొదలైంది. పదవీ విరమణతో చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు సరిగదా, విమానమెక్కి నా వెంట ఇంగ్లండు దాకా వచ్చి, అక్కడ ఒక బండి కప్పు మీద భగ్గుమంది. ఆ కథా, దాని మీద నా వాదనా ఈ వారం మీ ముందు పెడుతున్నాను. ఒప్పుకుంటారో, ముసలాడి చాదస్తమని నవ్వుకుంటారో మీ చిత్తం.

నేను కరెంటు శాఖలో హెల్పరుగా చేరి, స్తంభాలెక్కీ ఎక్కీ చివరికి సబ్ ఇంజనీరుగా దిగినవాణ్ణి. తీగలు లాగడం, తెగినవాటిని కలపడం తప్ప మరో విద్య తెలియదు. మా అబ్బాయి అక్కడ సర్జను. మనుషుల కడుపులు కోసి మళ్ళీ కుట్టడం వాడి వృత్తి. 2023 వేసవిలో మమ్మల్ని రప్పించుకున్నాడు. వెళ్ళేసరికి వాకిట్లో ఒక పెద్ద బండి. "మోటర్‌హోమ్ కొన్నాం మావయ్యగారూ, రేపే లేక్ డిస్ట్రిక్ట్ ప్రయాణం" అంది కోడలు.

మోటర్‌హోమ్ అంటే తెలియనివారికి ఒక్క మాట. చూడ్డానికి వ్యానే. లోపల మాత్రం సంసారం. గ్యాసు పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్జు, మడత మంచాలు, తలుపేసుకునే స్నానాల గది. డ్రైవరు నెత్తి మీద అటకలాంటి పడక ఒకటి. అది పిల్లల రాజ్యం. మనవాళ్ళు పూర్వం గూడుబండి కట్టుకుని తీర్థాలకి వెళ్ళలేదూ? అదే ఇది. దానికి ఎద్దులు, దీనికి డీజిలు.

కొత్త బండి కొన్నవాణ్ణి అందరూ ఇంజను గురించి అడుగుతారు. నేను నిచ్చెన అడిగాను. డెబ్బయ్యేళ్ళ మావగారు కప్పెక్కుతుంటే కోడలికి కంగారు. "మావయ్యగారూ, దిగండి, కాఫీ చల్లారిపోతోంది" అని కింద నుంచి కేకలు. పైన చూస్తే కాఫీ మాట మరిచిపోయాను. రెండు సోలార్ పలకలు, ఒక్కొక్కటీ 100 వాట్లది. గాలి వచ్చే మూత కిటికీ, దానికో ఫ్యాను. టీవీ యాంటెన్నా. వెనక దారి చూపించే కెమేరా. ఇన్నింటి నుంచీ బయల్దేరిన తీగలు జాతరలో జనంలా ఇష్టమొచ్చిన దారిన పోతున్నాయి.

పలకలు మావాడే బిగించాడు. అవి దిట్టంగానే ఉన్నాయి, కాదనను. కాని పలకల నుంచి లోపలికి పోయే వైరుని నాలుగుచోట్ల వెండిరంగు టేపుతో కప్పుకి అంటించాడు. మధ్యలో రెండుచోట్ల తెల్ల నైలాను కట్లు. ఒకదాన్ని గోటితో మీటాను. అప్పడంలా పుటుక్కున విరిగింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి మామూలు నైలాను పెళుసెక్కిపోతుంది. ఏడాదో రెండేళ్ళో దాని ఆయుష్షు. టేపు అంచులు అప్పటికే లేచి గాలికి తలలూపుతున్నాయి. అన్నిటికన్నా ఘోరం, ఆ వైరు మూత కిటికీ చుట్టూ ఉన్న అల్యూమినియం చట్రం అంచు మీదుగా, ఏ తొడుగూ లేకుండా, కత్తి మీద పడుకున్నట్టు పడుకుంది.

"ఒరేయ్, ఇదేమిట్రా?" అన్నాను.

"ప్రస్తుతానికి అలా వేశాను నాన్నా. తీరిక దొరకలేదు. మళ్ళీ సరిగ్గా చేద్దాం."

"ఎప్పుడు వేశావు?"

"పోయినేడు వేసవిలో."

చూశారా! ఏడాది వయసున్న 'ప్రస్తుతం'! నాకు ఒళ్ళు మండింది. "నువ్వు కోసిన పొట్టకి ప్రస్తుతానికి టేపు అంటించి ఇంటికి పంపిస్తావుట్రా?" అని అడిగాను. వాడు తక్కువ తిన్నాడా? "కుట్లు మాత్రం శాశ్వతమా నాన్నా? పదిరోజులకి మేమే విప్పేస్తాం" అన్నాడు. కోడలు నవ్వింది. ఆ పూటకి నేను ఓడినట్టే లెక్క. ప్రయాణం ఆగలేదు.

మర్నాడు ఎమ్6 రహదారి మీద గంటకి 60 మైళ్ళ వేగంతో పోతున్నాం. నెత్తిన 'టప... టప... టపటప' అని చప్పుడు మొదలైంది. పిల్లలు వానేమో అన్నారు. వాన కాదని నాకు తెలుసు. ఆ చప్పుడుతో ముప్పయ్యేళ్ళు కాపురం చేసినవాణ్ణి. దారిపక్క విశ్రాంతి స్థలంలో బండి ఆపించి పైకెక్కాను. టేపు నాలుగింట మూడుచోట్ల ఊడింది. వైరు పాములా లేచి కిటికీ చట్రాన్ని కొడుతోంది. చట్రం అంచున ఇన్సులేషను అరిగి, లోపల రాగి తళతళ మెరుస్తోంది.

మావాడు కిందనుంచే అన్నాడు: "పన్నెండు వోల్టులేగా నాన్నా. పైగా ఫ్యూజు ఉంది."

ఇదిగో, నా అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది. ఈ రెండు మాటలూ మావాడివే కావు. బండివాళ్ళూ, ఇళ్ళవాళ్ళూ, చదువుకున్నవాళ్ళూ అందరూ అనేవే. ఒక్కొక్కటే విప్పుతాను.

పన్నెండు వోల్టులు బ్యాటరీవి. కప్పు మీది పలకలవి కావు. అలాంటి పలక ఒక్కటే, ఏ భారం లేనప్పుడు, ఎండలో 20 వోల్టుల పైచిలుకు ఇస్తుంది. రెండిటినీ మావాడు వరసగా కలిపాడు, 40 దాటింది. ఇది ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు లాంటిది కాదు, డీసీ. మన ఇళ్ళల్లో ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి దిగుతుంది, అందుకని దాని మెరుపు తనంతట తాను ఆరే అవకాశం ఉంది. డీసీకి ఆ దిగడం లేదు. ఒకసారి మెరుపు పట్టుకుందంటే వదలదు. తగులుతూ విడుతూ ఉండే తీగ, దాని కింద జిగురూ, నురుగూ, చెక్కా ఉన్న కప్పు. ఇంతకన్నా అగ్గిపెట్టె ఏం కావాలి?

రెండోది ఫ్యూజు. ఫ్యూజు దేవుడని జనం నమ్మకం. అది దేవుడు కాదు, కాపలావాడు. తనకి చెప్పిన దొంగనే పట్టుకుంటాడు. 100 వాట్ల పలక నిండు ఎండలో ఇంచుమించు ఐదున్నర ఆంపియర్లు ఇస్తుంది. అదే పలక వైర్లు రెండూ ఒకదానికొకటి తగిలినా మరో అర ఆంపియరు మించి ఇవ్వలేదు. పది ఆంపియర్ల ఫ్యూజు ఆ తేడాని చూసి నిద్రలేస్తుందా? అత్తారింట్లో కొత్తల్లుడిలా హాయిగా గుర్రుపెడుతుంది. ఫ్యూజు బ్యాటరీ వైపు ప్రమాదానికి. అక్కడ, బ్యాటరీకి దగ్గరగా, అది ఉండి తీరాలి. పలక వైపు ప్రమాదానికి మందు ఫ్యూజు కాదు, తీగ అరక్కుండా చూడటమే. ఇంకో సంగతి. పలకకి మీటా లేదు. పొద్దున్నంతసేపూ అది పుట్టిస్తూనే ఉంటుంది. ఆ దేశంలో వేసవి పొద్దు రాత్రి తొమ్మిదిన్నరకి గాని గూకదు. పిల్లలు ఎనిమిదింటికే ఆ అటక మీద పడుకుంటారు. ఇప్పుడు చెప్పండి, అది పన్నెండు వోల్టుల సమస్యేనా?

మావాడు మాట్లాడలేదు. దుప్పటి తెచ్చి పలకల మీద కప్పి, తాడుతో కట్టాడు.

మూడో వాదం ఇంకొకటి ఉంది: "రాగి తీగ ఎక్కడికి పోతుందండీ, కాస్త ఊగితే ఏమవుతుంది?" కటింగ్ ప్లయరు లేనప్పుడు ఇనప తీగని ఎలా తుంచుతాం? అటూ ఇటూ వంచుతాం. పదిసార్లకి తెగుతుంది. గాలి చేసే పనీ అదే. దానికి బలం తక్కువైనా ఓపిక ఎక్కువ. పెద్ద హైటెన్షన్ లైన్ల కింద నిలబడి ఎప్పుడైనా తలెత్తి చూశారా? టవరు దగ్గర తీగకి చిన్న డంబెల్‌లాంటి ఇనప గుండ్లు వేలాడుతుంటాయి. స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపరు అంటారు. 1920లలో అమెరికాలో జార్జ్ స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. ఎందుకంటే తుఫానుకి కాదు, పిల్లగాలికి తీగ సన్నగా వణికి వణికి, పట్టు ఉన్నచోట పోగు పోగుగా తెగేది. ఆ వణుకుని ఆ గుండ్లు మింగుతాయి. తీగ లాగితే తెగదు, ఊపితే తెగుతుంది. స్తంభం ఎక్కినవాడికి ఇది నర్సరీ పాఠం.

బండి కప్పు మీదది పిల్లగాలి కూడా కాదు. గంటకి 60 మైళ్ళంటే 96 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను. అంటే కోస్తాలో మనకి ఎప్పుడో వచ్చే తీవ్ర తుఫాను ఆ బండి కప్పుకి దినచర్య! వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలు. ఊళ్ళో 30 మైళ్ళ దగ్గర కిక్కురుమనని వైరు రహదారి ఎక్కగానే ఎందుకు తన్నుకుందో ఇప్పుడు అర్థమైందా?

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు నేను ఉద్యోగానికి కొత్త. ఆ గాలి ముందు ఏ ముడీ ఆగదు. దాని గురించి నేను వాదించను. కాని ఆ తరవాత నా సర్వీసులో చిన్న చిన్న గాలివానలకే తెగిపడ్డ తీగలెన్నో చూశాను. తెల్లారి వెళ్ళి చూస్తే ఇన్సులేటరు దగ్గర బైండింగు తీగ పూర్తిగా చుట్టకుండా, రెండు చుట్లు చుట్టి 'ప్రస్తుతానికి' వదిలేసిన చోటే తెగేది. ఎవరు వదిలేశారని ఆరా తీస్తే ఎవరూ కాదు. ప్రస్తుతానికి అన్నవాడు ఎప్పుడూ ఎవరూ కాదు.

సరే, విశ్రాంతి స్థలంలో ఏం చేశాననా అడుగుతారు? సిగ్గుతో చెబుతున్నాను. నేనూ 'ప్రస్తుతానికే' కట్టాను! అక్కడ దుకాణాలేవి, సామానేది? దుప్పటి కిందే పలకల కనెక్టర్లు విప్పి, అరిగిన చోట టేపు చుట్టి, ఆ పైన పాత రబ్బరు గొట్టం ముక్క చీల్చి తొడిగి, వైరుని చట్రానికి దూరంగా లాగి తాడుతో కట్టేశాను. పలకలు ఆ నాలుగురోజులూ దుప్పటి కిందే. ఫ్రిజ్జు గ్యాసు మీద నడిచింది. మావాడు ముసిముసిగా నవ్వుతున్నాడు. నేను జేబులో పెన్ను తీసి టేపు మీద పెద్దక్షరాలతో రాశాను: "ఆదివారం సాయంత్రం విప్పవలెను."

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను. "నీ కుట్లు తాత్కాలికమే, ఒప్పుకున్నాను. కాని విప్పే రోజు కేసు కాగితం మీద రాసి ఉంటుంది. తేదీ ఉన్న తాత్కాలికం వైద్యం. తేదీ లేని తాత్కాలికం బద్ధకం. నీ టేపుకి తేదీ ఏదిరా?"

ఈసారి కోడలు నా వైపు నవ్వింది.

ఆదివారం ఇంటికి చేరాం. సోమవారం పని మొదలెట్టాం. పాత వైరు పీకి పారేశాం. ఎండకి తట్టుకునేట్టు చేసిన సోలార్ వైరు తెచ్చాం. రెండు పొరల ఇన్సులేషను, లోపల కళాయి పూసిన రాగి. దాన్ని ఎలా పట్టాలన్నది తరవాతి ప్రశ్న. కప్పుకి రంధ్రం పెట్టి మరలు బిగించాలనేవాళ్ళు ఒక పక్షం, జిగురుతో అంటించాలనేవాళ్ళు ఒక పక్షం. ఆ దేశంలో వీళ్ళ వాదం మన అద్వైతం, ద్వైతం వాదాల్లా తెగదు. నా మటుకు నాకు తీగ పట్టే క్లిప్పులకి రంధ్రాలక్కర్లేదు. రంధ్రమంటే నీటికి ఆహ్వాన పత్రిక. పాలియురిథేను జిగురు మంచిదే. ఊడిన ప్రతిచోటా దోషం జిగురుది కాదు, దాని కింద తుడవని దుమ్ముది. స్పిరిటుతో తుడవాలి, గరుకు కాగితంతో రుద్దాలి, ఆ కప్పుకి తగిన ప్రైమరు పూయాలి, అంటించాలి, ఆ తరవాత దాన్ని ముట్టుకోకుండా ఊరుకోవాలి. ఆ జిగురు గాలిలోని తేమ తాగి గట్టిపడుతుంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు. మావాడికి చివరిదే కష్టమైంది. గంటకోసారి లాగి చూడబోతే చెయ్యి మీద ఒకటేశాను.

ఇక క్లిప్పుకీ క్లిప్పుకీ ఎంత దూరం? ఇంగ్లండు వైరింగు నిబంధనల పుస్తకం, బిఎస్ 7671 అంటారు, అందులో 721వ విభాగం ఈ బండి ఇళ్ళ కోసమే ఉంది. గట్టి గొట్టంలో వెయ్యని తీగకి అడ్డంగా పోతే 25 సెంటీమీటర్లకి మించకుండా, నిలువుగా పోతే 40కి మించకుండా ఆధారం ఉండాలని అందులో రాశారు. "అది పన్నెండు వోల్టుల తీగలకి కాదు నాన్నా" అని మావాడు మళ్ళీ మెలిక పెట్టాడు. నిజమే, ఆ తీగలకి వేరే పుస్తకం ఉంది. కాని గాలికి వోల్టులు తెలుసా? తీగ మీద ఏ కరెంటు పోతోందని అడిగి ఊపుతుందా? 25 సెంటీమీటర్లంటే మన జానెడు మీద వేలెడు ఎక్కువ. జానెడుకో ముడి! వాళ్ళు పుస్తకంలో రాసుకున్నది మన అమ్మమ్మలు చేత్తో కొలిచేవాళ్ళు. పెళ్ళిలో ఒక్క ముడి చాలదని మూడు వేయించినవాళ్ళం, మనకి ఎవరైనా చెప్పాలా ఈ సంగతి?

తక్కినవన్నీ చిన్న పనులు, కాని ప్రాణం వాటిలోనే ఉంది. లోహపు అంచు దాటేచోట రబ్బరు తొడుగు. కట్లు వేస్తే ఎండకి తట్టుకునే నల్లవి, అవీ పీక నొక్కినట్టు కాదు, జారకుండా ఉండేంత. తీగని వీణ తీగలా బిగించకూడదు. పలక దగ్గర కాస్త వదులుండాలి, ఎండకి కప్పు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. కనెక్టర్లు నీళ్ళు నిలిచేచోట పడుకోకూడదు, కప్పుకి ఎత్తుగా కట్టాలి. ఒక కంపెనీ మగదాన్ని మరో కంపెనీ ఆడదానితో కలపకూడదు. పైకి అతికినట్టే ఉంటాయి, లోపల వేడెక్కుతాయి. తీగ లోపలికి దిగేచోట జిగురు ముద్ద కాదు, గ్లాండు ఉన్న పెట్టె పెట్టి, దాని నోరు బండి వెనక్కి తిప్పాలి. దిగేముందు తీగని ఒక్క వంపు కిందికి వంచితే వానచుక్క తీగ వెంట లోపలికి రాకుండా అక్కడే రాలిపోతుంది. ఏడాదికొకసారి ఎక్కి ప్రతి క్లిప్పునీ వేలితో కదిపి చూడాలి. అంతే. ఒక పలక ఖరీదుతో పోలిస్తే ఈ క్లిప్పుల ఖర్చు చిల్లర. కాని పలక కనిపిస్తుంది, క్లిప్పు కనిపించదు. వచ్చిన స్నేహితుడు "ఎన్ని వాట్లు?" అని అడుగుతాడు, "తీగని దేనితో పట్టావు?" అని ఒక్కడూ అడగడు. నా కోపమంతా ఆ ప్రశ్న అడగనివాళ్ళ మీదే.

ఎనిమిదేళ్ళ మనవరాలు పైకెక్కుతానని పేచీ పెడితే, రెండో పలక తీసి కిందనే పెట్టుకుని, వైరు నేల మీద పరిచి, గుర్తులు పెట్టే పని దానికి అప్పగించాను. అది తన చేత్తో జాన వేస్తూ సుద్దముక్కతో గీతలు గీసింది. దాని జాన ఎంత! తీరా చూస్తే లెక్కకి మించి క్లిప్పులు పట్టాయి. "తాతయ్యా, ఎక్కువయ్యాయి" అని దాని తండ్రి చేత తిట్లు తింటానేమోనని బిక్కమొహం పెట్టింది. "ఉండనీవే" అన్నాను. ఆ తీగ కింద పడుకునేది అదే కదా. కొలత దానిదే ఉండాలి.

ఇంటికి తిరిగొచ్చాక ఇక్కడ చూస్తే పరిస్థితి ఇంకా బాగుంది! 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం పెట్టారు; కోటి ఇళ్ళ మీద సోలార్, 78,000 రూపాయల దాకా సబ్సిడీ. మంచి పనే, చేతులెత్తి దండం పెడతాను. మా వీధిలోనూ రెండు డాబాల మీద పలకలు వెలిశాయి. ఒక డాబా మీద వైరు పిట్టగోడ మీదుగా, బట్టలారేసే దండేనికి చుట్టుకుని కిందికి దిగింది. ఇంటి పలకలు ఏడెనిమిది వరసగా కలిపితే రెండు మూడొందల వోల్టుల డీసీ. దాని పక్కనే తడి చీరలు! మా ఊళ్ళో కోతులు ఊయలలూగడానికి వేరే తీగ వెతుక్కోనక్కర్లేదు. ఇంటాయన్ని అడిగాను. "బిగించినవాళ్ళు మళ్ళీ వస్తామన్నారండీ. ప్రస్తుతానికి..." అన్నాడు.

పూర్తి చెయ్యనివ్వలేదు. "ఏ తేదీన వస్తారు?" అన్నాను. ఆయన తెల్లమొహం వేశాడు. ఆ సాయంత్రమే ఫోను చేసి తేదీ అడిగించాను, గోడ మీద బొగ్గుతో రాయించాను. ఆ రోజుకి వచ్చారు కూడా.

అందుచేత నా మనవి ఒక్కటే. మీ ఇంట్లోగాని, బండి మీదగాని, ఆఫీసులోగాని ఎవరైనా "ప్రస్తుతానికి" అంటే వాదించకండి, తిట్టకండి. "ఏ తేదీ దాకా?" అని అడగండి. తేదీ చెప్పగలిగితే ఆ టేపు ఉండనివ్వండి. చెప్పలేకపోతే అప్పుడే నిచ్చెన వెయ్యండి.